కత్తిరించిన పందొమ్మిది నిమిషాలు

భ్రమరాంబకి దెయ్యాల సినిమాలంటే ప్రాణం. ముప్పై ఏళ్ళు కాకినాడ ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి, ఆకు అడుగున రంధ్రాలెన్నున్నాయో పిల్లల చేత లెక్కపెట్టించిన మనిషికి ఈ పిచ్చేమిటని తోటి లెక్చరర్లు నవ్వేవారు. ఆవిడా నవ్వేది. డెబ్బై మూడో ఏట కూడా కొత్త దెయ్యం సినిమా వచ్చిందంటే మొదటి వారంలోనే మ్యాట్నీకి వెళ్ళి రావలసిందే. భర్త సూర్రావు పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన నెమ్మదస్తుడు. ఆయన హాలు దాకా తోడు వెళ్ళి, బయట సిమెంటు బెంచీ మీద పేపరు చదువుకుంటూ కూర్చుని, సినిమా అయ్యాక ఆవిణ్ణి ఇంటికి తీసుకొచ్చేవాడు. లోపల గాలాడదని ఆయన చెప్పేవాడు.

ఎన్ని చూసినా ఆవిడ మనసులో మొదటి స్థానం 'చీకటి వసారా'దే. 1976లో వచ్చిన నలుపు తెలుపు సినిమా. విడుదలైన తొమ్మిది రోజులకి, నిడివి ఎక్కువైందనీ చివర్లో ఆడవాళ్ళు మూర్ఛపోతున్నారనీ పంపిణీదారులు పట్టుబట్టి పందొమ్మిది నిమిషాలు కత్తిరించేశారు. కత్తిరించిన ముక్కలు తర్వాత ఒక గోడౌను అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలిన సినిమాలో దెయ్యం కనపడదు. వసారా చివర చీకట్లోంచి గాజుల చప్పుడు వినిపిస్తుంది, అంతే. కనపడకపోవడంలోనే దాని గొప్పంతా ఉందని అభిమానులు వ్యాసాల మీద వ్యాసాలు రాశారు.

ఆ అభిమానులకి కాకినాడలో ఒక సంఘం ఉంది. తమను తాము వసారా బృందం అని పిలుచుకుంటారు. ఏటా ఒక ఆదివారం కలుసుకుని, సినిమా చూసి, ఉప్మా పెసరట్లు తిని, సాయంత్రం దాకా వాదించుకుంటారు. చివరి అంశం భ్రమరాంబది. మొదటి తొమ్మిది రోజుల్లో పూర్తి సినిమా చూసినవాళ్ళు బృందంలో పన్నెండుమందే మిగిలారు. వాళ్ళలో పోయిన భాగాన్ని కళ్ళకు కట్టేలా చెప్పగలిగేది ఆవిడొక్కతే. ఆవిడ మొదలుపెట్టగానే ప్లేట్ల చప్పుడు ఆగిపోయేది. లాంతరు కొడిగట్టడం, వసారా స్తంభాల నీడలు ఒక్కొక్కటే చెరిగిపోవడం, గాజుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగడం, తలుపు గడియ దానంతటది జారడం, అన్నీ చేతులతో చూపిస్తూ చెప్పేది. ముఖం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయేది. ఆ ముఖం చెప్తే వచ్చేది కాదని కుర్చీలో వెనక్కి వాలేది. ఏటా అక్కడే చప్పట్లు కొట్టేవారు.

సినిమా వచ్చిన యాభై నాలుగో ఏడు, ఆ సమావేశానికి విశాఖపట్నం నుంచి జయశీల అనే డాక్టరు వచ్చింది. నలభై లోపు మనిషి. పక్షవాతం వచ్చి మాటలూ మనుషులూ మరిచిపోయినవాళ్ళ కోసం తన పరిశోధనశాలలో ఒక యంత్రం తయారుచేసింది. మనసులో చెదిరిన దృశ్యాన్ని బయటికి తీసి, బొమ్మగా, శబ్దంగా మార్చి రోగికి చూపిస్తుందది. సినిమా హక్కులున్నవాళ్ళు ఆ సంగతి విని, కాలిపోయిన ముక్కల్ని చూసినవాళ్ళ జ్ఞాపకాల్లోంచి తీయగలవా అని అడిగారు. ప్రయత్నిస్తానని ఆమె ఒప్పుకుంది. కానీ దాచకుండా ఒక మాట చెప్పింది.

"గుర్తుచేసుకున్నప్పుడల్లా జ్ఞాపకం బెల్లంపాకంలా కరుగుతుందండి. కాసేపటికి మళ్ళీ గట్టిపడుతుంది. మేము దాన్ని చదవాలంటే గంటలకొద్దీ కరిగించే ఉంచాలి. అంతసేపు ఉంచాక ఇంక అది గట్టిపడదు. అంటే, మీరు మాకిచ్చింది మీ దగ్గర ఉండదు."

హాల్లో అందరూ ఒకేసారి మాట్లాడారు.

బృందం అధ్యక్షుడు మంగారావు, రిటైరైన పోస్టుమాస్టరు, ససేమిరా వద్దన్నాడు. రెండేళ్ళ కిందట ఇంకో పాత దెయ్యం సినిమాకి ఇలాగే దొరికిన ముక్కలన్నీ అతికించి మళ్ళీ విడుదల చేస్తే, ఇరవై ఆరు నిమిషాలు కలిసొచ్చాయి. అందులో రెండు పాటలు, ఒక వంటవాడి హాస్యం. సగంమంది అభిమానులు చావింటినుంచి వచ్చినట్టు బయటికొచ్చారు. మిగతా సగం నాలుగేసి సార్లు చూశారు. ఆ గొడవలో బృందంలో ఇద్దరు బావమరుదులకి ఇప్పటికీ మాటల్లేవు. కనపడని దెయ్యాన్ని కనపడేలా చేస్తే 'చీకటి వసారా' ఏమవుతుందని మంగారావు భయం. కుర్రవాళ్ళు మాత్రం చూడాల్సిందేనని పట్టుబట్టారు. పూర్తి సినిమా చూసిన పెద్దవాళ్ళు ఇంకోలా ఆలోచించారు. మరిచిపోతే మంచిదే కదా, మళ్ళీ మొదటిసారి చూసినట్టే భయపడవచ్చు అన్నారు. ఆ మాట అనగానే డెబ్బై దాటిన ముఖాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఏ అభిమానికైనా అంతకుమించిన కోరికేముంటుంది?

పన్నెండుమందిలో పదకొండుమంది పేర్లిచ్చారు. మంగారావు కూడా ఇచ్చాడు. పొడుగు సినిమా ఎంత చెత్తగా ఉందో తన జ్ఞాపకంతోనే రుజువు చేస్తానన్నాడు. భ్రమరాంబ ఒక్కతే ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదో ఆవిడ బృందంలో ఎవరికీ చెప్పలేదు.

ఆ సినిమా చూసిననాటికి పెళ్ళై రెండు నెలలు. రెండో సంవత్సరంలో బీయస్సీ ఆగిపోయింది. అత్తగారు గవరమ్మ పెద్దగా మాట్లాడని మనిషి. ఆవిడ వంటింట్లోకి వస్తుంటే భ్రమరాంబ గరిటె కింద పెట్టేసి పక్కకి తప్పుకునేది. అలాంటి అత్తగారు, కొడుకు, కోడలు కలిసి, సినిమా విడుదలైన మూడోరోజు మ్యాట్నీకి వెళ్ళారు. చివర్లో తలుపు గడియ జారగానే హాలంతా కళ్ళు మూసేసుకుంది. భ్రమరాంబ కూడా మూసుకోబోతుంటే పక్కనున్న అత్తగారు చెయ్యి గట్టిగా పట్టుకుని, చెవిలో అంది, "కళ్ళు ముయ్యకే పిల్లా. చూడు. అదీ ఆడదే."

ఆవిడ చూసింది. ఆనాటి నుంచి అత్తగారంటే భయం పోయింది. మరుసటి నెల గవరమ్మే కోడల్ని రిక్షాలో కూర్చోబెట్టుకుని కాలేజీకి తీసుకెళ్ళి, ఆగిన చదువులో మళ్ళీ చేర్పించింది. గవరమ్మ పోయి పాతికేళ్ళవుతోంది. ఆ చెయ్యీ ఆ మాటా ఆ పందొమ్మిది నిమిషాల్లోనే ఉన్నాయి.

*

పదకొండుమందినీ వ్యానులో విశాఖపట్నం తీసుకెళ్ళారు. పరిశోధనశాలలో ఒక చిన్న గదిని పాత సినిమా హాలులా అమర్చారు. చెక్క కుర్చీ, తెర, గోడకి తిరిగే ఫ్యాను. తలకి తేలికైన బుట్టలాంటిది తొడిగి, ఒక ఇంజెక్షనిచ్చి, మిగిలిన సినిమాని మొదటినుంచి వేసేవారు. కత్తిరించిన చోటు రాగానే తెర నల్లబడేది. కానీ చూసినవాడి బుర్ర ఆగదు కదా. అది తనంతట తనే ముందుకు వెళుతుంది. అలా వెళ్ళినదాన్ని యంత్రం పట్టుకునేది.

బయటికొచ్చినవాళ్ళు ఏదో బరువు దించుకున్నట్టు నవ్వుతూ వచ్చారు. ఒకాయన టీ తాగుతూ, ఇంతకీ చివర్లో ఏమవుతుందండీ అని అడిగితే అందరూ పగలబడి నవ్వారు. ఒక్క వీర్రాజు మాత్రం మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి మానేసినవాడు. అన్నగారి మొదటి జీతంతో అన్నదమ్ములిద్దరూ చూసిన సినిమా అది. అన్న పక్కనే కూర్చుని నవ్వాడని తెలుసు, కానీ ఆ నవ్వు ఎలా ఉండేదో రావడం లేదన్నాడు. జయశీల వచ్చి ఆయన పక్కన కూర్చుంది. వ్యాను బయల్దేరేదాకా లేవలేదు.

రెండు నెలలకి పదిహేను నిమిషాల సినిమా తయారైంది. పదకొండుమంది చూసినవి ఒకదాని మీద ఒకటి వేసి సరిచేస్తే, గీతలు పడ్డ పాత ప్రింటులా బొమ్మ తేలింది. మిగిలిన చివరి నాలుగు నిమిషాల దగ్గర మాత్రం తెర నల్లగా ఉండిపోయింది. శబ్దం ఉంది. గాజులున్నాయి. తలుపు కిర్రుమంది. బొమ్మ లేదు. యంత్రం చెడిందేమోనని జయశీల వారంరోజులు తంటాలు పడి, చివరికి సంగతి తెలుసుకుని ఒక్కతే నవ్వుకుంది. పదకొండుమందీ కళ్ళు మూసుకున్నారు. మంగారావు అందరికంటే అర నిమిషం ముందే మూసుకున్నాడు. ఆయనకి ఈ సంగతి చెబితే, ఆరోజు హాల్లో కరెంటు పోయిందని వాదించాడు.

జయశీల కాకినాడ వచ్చి భ్రమరాంబ ఇంట్లో కూర్చుంది. ఇమ్మని అడగలేదు. ఉన్న సంగతి చెప్పి, పెట్టిన కాఫీ తాగి, వెళ్ళేముందు మాత్రం అంది, "గుమ్మంలోకి వచ్చిన ఆవిడ ముఖాన్ని చూసినవాళ్ళు మీరొక్కరేనమ్మా. మీకివ్వాలని లేకపోతే ఇవ్వొద్దు. నేను అక్కడ ఆపేస్తాను."

ఆ వారమంతా భ్రమరాంబ అన్యమనస్కంగా తిరిగింది. పెరట్లో కనకాంబరాలకి నీళ్ళు పోస్తూ కుళాయి కింద గాబు పొంగిపోతున్నా చూసుకోలేదు. సూర్రావు గమనించాడు. బీరకాయలు చెక్కు తీస్తూ, ఉన్నదాన్ని గీకించుకోవడం ఎందుకన్నాడు. సినిమా ముక్క కోసం అమ్మని పోగొట్టుకుంటావా అన్నాడు. తర్వాత చేతిలో కాయ కింద పెట్టి, కాస్త వింతైన ప్రశ్న అడిగాడు.

"ఆ మిషను తెరమీదదే తీస్తుందా? పక్కన ఎవరున్నారో, ఎవరు లేరో, అది కూడా తెలిసిపోతుందా?"

తెలియదని భ్రమరాంబ అంది. అమ్మ గురించి బెంగపడుతున్నాడనుకుంది. ఆయన మళ్ళీ బీరకాయ అందుకున్నాడు.

ఆవిడకి తెగనిది ఒక్కటే. యాభై నాలుగేళ్ళుగా ఊళ్ళకు ఊళ్ళు ఆ వసారాలోని గాజుల చప్పుడుకి దడుచుకుంటున్నాయి. ఆ గాజులు ఎవరి చేతివో తనొక్కదానికే తెలుసు. అత్తగారు చూడమంటే చూసింది. చూసిన తర్వాత తనేం చేసింది? ఏటా పెసరట్లయ్యాక కథగా చెప్పి, ముఖం దగ్గర ఆపి, చప్పట్లు కొట్టించుకుంది. చెప్తే వచ్చేది కాదన్నది నిజమే. కానీ చూపించే దారి దొరికిన తర్వాత కూడా కొంగులో ముడేసుకుని కూర్చుంటే, అత్తగారికైనా నచ్చుతుందా?

శుక్రవారం పొద్దున్న కూర్చుని, ఆరోజు సంగతంతా పద్నాలుగు కాగితాల మీద రాసుకుంది. కట్టుకున్న చీర రంగు, అత్తగారి అరచేతిలో పసుపు గరుకు, ఆవిడ అన్న మాట, ఎవరెక్కడ కూర్చున్నదీ, అన్నీ రాసింది. రాసి, పిన్ను గుచ్చి, బీరువాలో పెట్టి, జయశీలకి ఫోను చేసింది.

*

ఆ చెక్క కుర్చీలో కూర్చోగానే ఆవిడకి నవ్వొచ్చింది. కాలేజీలో కొత్త మైక్రోస్కోపు కింద తనే అద్దం పలకలా పడుకున్నట్టుంది. సినిమా మొదలైంది. ప్రతి మాటా ముందే తెలుసు. తెర నల్లబడింది. నల్లటి తెర మీద లాంతరు కొడిగట్టడం ఆవిడకి స్పష్టంగా కనిపించింది. స్తంభాలు, గాజులు, గడియ. అరచేతిలో పసుపు గరుకు తగిలింది. ఆవిడ ఆ చేతిని వీలైనంతసేపు పట్టుకుంది. జయశీల అవతలి గదిలో గాజుపలక వెనుక నిలబడి చూస్తోంది. కుర్చీ చేతిమీద భ్రమరాంబ వేళ్ళు ముడుచుకుని, చాలాసేపటికి మెల్లగా విచ్చుకోవడం చూసి, ముఖం పక్కకు తిప్పుకుంది.

బయటికొచ్చాక ఆవిడకి ఆకలేసింది. ఇడ్లీ తింది. దారిపొడవునా కిటికీ పక్కన కూర్చుని జీడిమామిడి తోటలు చూస్తూ, అసలేమీ పోలేదేమో అనుకుంది. ఇంటికొచ్చి బీరువాలో కాగితాలు తీసి చదివాక అర్థమైంది. చదువుతున్నది తన సంగతే, తన దస్తూరీయే. అయినా ఎవరో స్టూడెంటు రాసిన జవాబు దిద్దుతున్నట్టుంది. అత్తగారు చెయ్యి పట్టుకుందని తెలుసు. తెలియడం వేరు. ఆవిడ తన అరచేతిని తనే ఒకసారి తడుముకుని, కాగితాలు లోపల పెట్టేసింది.

మరుసటి ఏడు సమావేశంలో కొత్తగా చేరిన ఒకమ్మాయి అలవాటు ప్రకారం మేడం చెప్పండి అంది. భ్రమరాంబ లేచి నిలబడింది. లాంతరు దాకా చెప్పింది, అది కాగితాల్లో చదివింది కనక. తర్వాత ఇంక నాకు రాదమ్మా, ఇచ్చేశాను అని కూర్చుంది. ఎప్పటిలా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కానీ మంగారావు లేచి తన ప్లేటులోని పెసరట్టు తెచ్చి ఆవిడ ప్లేటులో వేశాడు. కత్తిరించిన పొట్టి సినిమాయే మేలనే పార్టీ నాయకుడు ఆ పని చేయడం చూసి అందరూ నవ్వారు. ఆవిడకీ నవ్వొచ్చింది.

*

నెల తర్వాత జయశీల మళ్ళీ వచ్చింది. ఈసారి మనిషి కుదురుగా కూర్చోలేకపోతోంది. నాలుగు నిమిషాల బొమ్మా దొరికిందని, చాలా బాగా వచ్చిందని చెప్పింది. దాంతోపాటు ఇంకొకటి కూడా వచ్చిందంది. శబ్దంలో ఒక గొంతుంది. మిగతా పదకొండుమంది జ్ఞాపకాల్లో అది లేదు, కాబట్టి సినిమాలోది కాదు. మనిషికి పైకి గుర్తులేనివి కూడా అడుగున ఉంటాయట. హక్కులున్నవాళ్ళు అది కూడా ఉంచేద్దామంటున్నారు, జనం దాని గురించే మాట్లాడుకుంటారని వాళ్ళ ఆశ. తను మాత్రం ముందు ఈ ఇంట్లో వినిపించి, ఆ తర్వాతే మాట్లాడతానని చెప్పి వచ్చింది.

చిన్న స్పీకరు భోజనాల బల్ల మీద పెట్టింది. సూర్రావు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ముందు హాల్లో గుసగుసలు, ఎవరో దగ్గడం, గాజుల చప్పుడు. అప్పుడు దగ్గరగా, కాస్త బొంగురుగా ఒక ఆడగొంతు వినిపించింది.

"వాడు సోడాకని లేచిపోయాడు. ఇంక రాడులే. జరుగు, నేనిలా వస్తాను."

సూర్రావు గుమ్మం పట్టుకున్నాడు. పాతికేళ్ళుగా ఆ గొంతు ఎక్కడా వినలేదు. ఆవిడ బతికుండగా ఎవరూ రికార్డు చేయలేదు. భ్రమరాంబ కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి వింటోంది. కాసేపు తలుపు కిర్రుమన్న శబ్దం. మళ్ళీ అదే గొంతు, ఈసారి ఇంకా దగ్గరగా.

"కళ్ళు ముయ్యకే పిల్లా. చూడు. అదీ ఆడదే."

మూడుసార్లు విన్నారు. మూడోసారి అయ్యాక భ్రమరాంబ భర్త వైపు తిరిగింది.

"సోడాకెళ్ళారా?"

సూర్రావు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"సోడా కాదు, ఏమీ కాదు. గాజుల చప్పుడు మొదలవగానే లేచిపోయాను. మళ్ళీ లోపలికి రాలేదు. కొత్త పెళ్ళాం ముందు పరువు పోతుందని అమ్మని బతిమాలుకున్నాను, చెప్పొద్దని."

"చెప్పలేదుగా మరి. పోయేదాకా చెప్పలేదు."

భ్రమరాంబ నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేకపోయింది. యాభై ఏళ్ళుగా సిమెంటు బెంచీల మీద పేపరు చదువుకున్న మనిషిని చూస్తూ, గాలాడకపోవడాన్ని తలుచుకుంటూ, కడుపు పట్టుకుని నవ్వింది. జయశీల ముందు బిగబట్టుకుని తర్వాత తనూ కలిసింది. చివరికి సూర్రావు కూడా నవ్వాడు, కళ్ళనీళ్ళతో. బుగ్గలు తుడుచుకుంటూ భ్రమరాంబ బీరువాలోంచి పద్నాలుగు కాగితాలూ తెచ్చి, ఎర్రపెన్ను తీసుకుంది. 'మా ఆయన అటుపక్క కూర్చున్నారు' అన్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన తప్పు అని రాసి, సున్నా వేసింది.

సినిమాలో గొంతు ఉంచాలా వద్దా అన్నదానికి ఆవిడ ఆలోచించలేదు. తీసెయ్యమంది. ఆ మాట అత్తగారు తన కోడలితో చెప్పింది, ఊరితో కాదు. చూసేవాళ్ళు ఎవరికి వాళ్ళు చూసుకుంటారు. జయశీల తల ఊపి, స్పీకరు మాత్రం బల్ల మీదే వదిలేసి వెళ్ళింది.

*

పొడుగు 'చీకటి వసారా' ఒక ఆదివారం పొద్దుటి ఆటతో కాకినాడలోనే విడుదలైంది. రాజమండ్రి, అమలాపురం, తుని నుంచి అభిమానులు బస్సులు మాట్లాడుకుని వచ్చారు. లోపలికి వెళుతున్నవాళ్ళ ముఖాల్లో పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళ ముఖాల్లో ఉండే ఆత్రమూ అనుమానమూ రెండూ ఉన్నాయి. బాగుండాలని కొందరికీ, బాగుండకూడదని కొందరికీ, ఎక్కువమందికి రెండూ కోరికే. సూర్రావు బెంచీ దగ్గర ఆగలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్య వెనకాలే లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఫ్యాన్లు బాగానే తిరుగుతున్నాయి.

కొత్తగా కలిసిన మొదటి పదినిమిషాల్లో ఇందులోనూ ఒక వంటవాడు నెయ్యి దొంగిలించే హాస్యం వచ్చింది. హాలంతా నిట్టూర్చింది. ముందు వరుసలోంచి మంగారావు వెనక్కి తిరిగి, చూశారా, నేనేమన్నాను అన్నట్టు అందరి వంకా చూశాడు. వీర్రాజు మాత్రం ఆ హాస్యానికి గట్టిగా నవ్వాడు. నవ్వి, ఉన్నట్టుండి ఆగి, ఇదే, అన్న ఇక్కడే నవ్వి ఉంటాడు అని పక్కవాడి భుజం పట్టుకుని చెప్పాడు. తర్వాత లాంతరు కొడిగట్టింది. నిట్టూర్పులు ఆగిపోయాయి. స్తంభాల నీడలు ఒక్కొక్కటే చెరిగాయి. గాజులు మోగాయి. భ్రమరాంబకి వీపు మీద చెమట పట్టింది. ఎన్ని వందల సినిమాలు చూసిందో, ఇలా ఎన్నడూ లేదు. ఇదంతా తన తలలోంచే వచ్చిందని తెలిసినా, తర్వాత ఏం వస్తుందో తెలియదు. పందొమ్మిదేళ్ళ పిల్లలా గుండె కొట్టుకుంది. తలుపు గడియ దానంతటది జారింది.

ఆవిడ కళ్ళు మూసేసుకుంది.

తెరిచేసరికి దీపాలు వెలిగాయి. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు, కొందరు ఏడుస్తున్నారు. బయట టీకొట్టు దగ్గర గంటసేపు వాదనలు సాగాయి. పొట్టిదే మంచిదని కొందరు, పొడుగుదే అసలైందని కొందరు, వంటవాణ్ణి తీసేసి మిగతాది ఉంచాలని ఇంకొందరు. మాటల్లేని బావమరుదులిద్దరూ చెరో పక్కన చేరి, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ, అరుచుకోవడం కోసమైనా మాట్లాడుకుంటున్నామని గమనించలేదు. మంగారావు రెండో టీ కూడా తాగి, బాగా ఆలోచించి తీర్పు చెప్పాడు. "పొట్టిదే మంచి సినిమా. అందులో అనుమానం లేదు. రేపు మళ్ళీ వస్తాను."

భ్రమరాంబనీ అడిగారు, ముఖం ఎలా ఉంది, మీరు చూసినట్టే ఉందా అని. ఆవిడ చీర కొంగు సర్దుకుంది.

"నేను చూడలేదు. కళ్ళు మూసేసుకున్నాను."

అందరూ వీధి దద్దరిల్లేలా నవ్వారు. సూర్రావు మాత్రం నవ్వలేదు. ఆయన ముఖం ఇంకా పాలిపోయే ఉంది. నేను చూశాను, చివరిదాకా చూశాను అన్నాడు. గొంతులో ఆశ్చర్యం, కొద్దిగా గర్వం. అదెలా ఉంటుందంటే అని ఆయన మొదలుపెట్టబోతే భ్రమరాంబ ఆయన చెయ్యి నొక్కి ఆపేసింది.

"చెప్పకండి. మ్యాట్నీకి ఇంకా టికెట్లు ఉన్నాయేమో కనుక్కోండి."

ఉన్నాయి. పక్క హోటల్లో భోజనం చేసి మళ్ళీ లోపలికి వెళ్ళారు. నెయ్యి దొంగిలించే హాస్యానికి ఈసారి ఆవిడ కూడా కొంచెం నవ్వింది. గడియ జారింది. రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని ఆవిడ తెర వైపు చూసింది.

గుమ్మంలో నిలబడ్డది పద్దెనిమిది పందొమ్మిదేళ్ళ పిల్ల. బొట్టు ఒక పక్కకి కారింది. చాలాకాలం చీకట్లో ఉండి వెలుగులోకి వచ్చినదానిలా కళ్ళు చికిలించి, హాలంతటినీ ఒక వరుస తర్వాత ఒక వరుస చూసింది. చేతులకి నిండుగా గాజులున్నాయి. ఏదో అడగబోయినట్టు పెదవులు కదిలాయి. అడగలేకపోయింది. ఒక్కడుగు వెనక్కి వేసి, తలుపు తనే దగ్గరికి లాక్కుంది.

బయటికొచ్చి ఎండలో నిలబడ్డాక సూర్రావు ఎలా ఉందని అడిగాడు.

"చిన్నపిల్లండి, పాపం," అంది భ్రమరాంబ, నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటూ. "అంతమందిమి చీకట్లో కూర్చుని చూస్తుంటే హడలిపోయింది."